జీలుగకు చోటెక్కడ?

తెనాలి, రేపల్లె, బాపట్ల మాగాణుల్లో పచ్చిరొట్ట ఎరువు తగ్గిపోవడానికి యూరియానే కారణమంటారు. అది సగం నిజం. యూరియాలో 46 శాతం నత్రజని ఉంది, బస్తా విప్పి పూటలో చల్లేయొచ్చు. పచ్చిరొట్ట పైరైన జీలుగైతే విత్తి, ఇంచుమించు 45 రోజులు పెంచి, పూత వేళకు దమ్ములో కలియదున్ని, మురగనివ్వాలి. అయినా ఒకటి వాడితే రెండోది వాడకూడదని లేదు. రెండూ కలిపి వాడమనే వ్యవసాయ శాఖ ఇప్పటికీ చెబుతోంది. పచ్చిరొట్టకు కరువైంది పొలం ఖాళీగా ఉండే రోజులు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరిమయమైంది. ఎండాకాలం కాలువలు కట్టేసేవారు. కోతకు ముందు, చేలో పైరు నిలబడి ఉండగానే, పిల్లిపెసరో జనుమో చల్లితే నేలలో మిగిలిన పదునుతోనే పెరిగేవి. గొడ్లు మేసినంత మేసేవి, మిగిలింది దుక్కిలో కలిసేది. ఇలాంటి పప్పుజాతి పైర్ల వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయని జర్మనీలో హెల్‌రీగెల్ అనే శాస్త్రవేత్త చూపింది 1886లో. తరవాత అదే పదును మీదికి, అదే చల్లుడు పద్ధతిలో మినుము వచ్చింది. మినుము అమ్మితే డబ్బు, పిల్లిపెసరకు అంగడే లేదు. ఇక పోటీ ఏముంది? పల్లాకు తెగులు, బంగారు తీగ మినుమును పీడించాక చాలామంది దుక్కి లేని మొక్కజొన్నకు మళ్ళారు. అదైతే నత్రజనిని తినేదే తప్ప పెట్టేది కాదు.

మినుమూ పప్పుజాతే కదా, నేలకు ఆ మేలు చెయ్యదా అని అడగొచ్చు. కొంత చేస్తుంది. కాని అది కూర్చుకున్న నత్రజనిలో ఎక్కువ పాలు గింజతో బజారుకు, కట్టెతో గేదెల దొడ్డికి పోతుంది. సంగం డెయిరీ ఉన్నదీ ఈ సీమలోని వడ్లమూడిలోనే. పాడి ఉన్న సీమలో మేతను మట్టిలో తొక్కమంటే ఎవరు వింటారు? పోనీ, వరికి ముందు మే, జూన్‌లలో జీలుగ వేయొచ్చు కదా అంటే, అప్పటికి కాలువలో నీరుండదు, తొలకరినే నమ్ముకోవాలి. వెదసాగు చేసేవారికి ఆ వ్యవధి కూడా లేదు, జూన్‌లోనే వడ్లు చల్లేస్తారు. జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు సబ్సిడీ మీద ఇస్తున్నారు, మంచిదే. కాని రైతును ఆపుతున్నది విత్తనం ధర కాదు. కాలువకు నీరు ఏ తేదీన వదులుతారో ఏప్రిల్‌లోనే ఖాయంగా చెప్పి, ఆ మాట మీద నిలబడితే జీలుగకు అంతకన్నా ఎక్కువ మేలు.