పాఠాన్ని పిల్లలకు చేర్చే టెక్నాలజీకి అవార్డులు: ఎవరిస్తారు, ఎవరికిస్తారు, ఏం చూస్తారు?

ఆడియో, వీడియో, యానిమేషన్, మొబైల్ యాప్, టీవీ పాఠం. వీటితో చదువు చెప్పే టీచర్లకు, సంస్థలకు ప్రత్యేకంగా అవార్డులు ఉన్నాయి. బెస్ట్ టీచర్ అవార్డు గురించి అందరికీ తెలుసు గానీ, వీటి గురించి మన ఇళ్లల్లో పెద్దగా మాట్లాడుకోరు. ఇవి ఖరీదైన ప్రైవేటు స్కూళ్లకే వస్తాయని చాలామంది అనుకుంటారు. ఇప్పటిదాకా గెలిచినవాళ్లను చూస్తే అలా లేదు. జిల్లా పరిషత్ స్కూల్ టీచర్లు, సర్కారీ బడుల కోసం నడిచిన ప్రాజెక్టులు కూడా గెలిచాయి.

ఈ అవార్డులు ఎప్పటి నుంచి?

జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే 1965లో 'జపాన్ ప్రైజ్' మొదలుపెట్టింది. అప్పట్లో రేడియో, టీవీ పాఠాలకే పోటీ ఉండేది. తర్వాత వెబ్‌సైట్లు, గేమ్‌లు లాంటివి కూడా చేరాయి. యూరప్‌లో 2007లో 'మెడియా అవార్డ్స్' వచ్చాయి. వీడియో, ఆడియో, గ్రాఫిక్స్, యానిమేషన్‌ను బోధనకు బాగా వాడుకున్నవాళ్లను గుర్తించడం వీటి ఉద్దేశం.

యునెస్కో ప్రైజ్: తెలంగాణ బడులకూ సంబంధం

ఈ రంగంలో పెద్ద పేరున్నది యునెస్కో ఇచ్చే 'కింగ్ హమద్ బిన్ ఈసా అల్ ఖలీఫా ప్రైజ్'. 2005లో ఏర్పాటైంది. డబ్బు ఇచ్చేది బహ్రెయిన్ దేశం. గెలిచిన ఇద్దరికీ చెరో 25 వేల డాలర్లు, మెడల్, డిప్లొమా ఇస్తారు.

2017 సంవత్సరానికి ఈ ప్రైజ్ గెలిచిన రెండింటిలో ఒకటి మన దేశానిదే. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ నడిపిన 'క్లిక్స్' ప్రాజెక్టు అది. టాటా ట్రస్ట్స్, అమెరికాలోని ఎంఐటీ కూడా ఇందులో ఉన్నాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంతో పాటు తెలంగాణలోని ప్రభుత్వ హైస్కూళ్లలోనూ ఇది నడిచింది. ఇంగ్లీషు, మ్యాథ్స్, సైన్స్ పాఠాలను కంప్యూటర్ ల్యాబ్‌లో పిల్లలు స్వయంగా చేసి నేర్చుకునేలా తయారుచేశారు. ఆ పాఠాలు ఇంగ్లీషు, హిందీతో పాటు తెలుగులోనూ వచ్చాయి.

2021 ప్రైజ్ ఎన్‌సీఈఆర్‌టీ కింద పనిచేసే సీఐఈటీకి దక్కింది. కరోనాతో బడులు మూతపడ్డప్పుడు 2020 మేలో ప్రకటించిన 'పీఎం ఈ-విద్య'కు వచ్చిన గుర్తింపు ఇది. ఒక్కో క్లాసుకు ఒక్కో టీవీ చానల్ చొప్పున 12 చానళ్లు, దీక్ష పోర్టల్, రేడియో పాఠాలు, చూపులేని పిల్లలకు ఆడియో పుస్తకాలు, వినికిడి లేనివాళ్లకు సైగల భాషలో పాఠాలు అన్నీ ఇందులో భాగమే. నెట్ లేని ఇంటికి టీవీ, టీవీ లేని ఇంటికి రేడియో అన్నమాట. తెలంగాణలో కూడా 2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు వేశారు.

గోడ పక్క కొట్టం నుంచి పది లక్షల డాలర్ల దాకా

వర్కీ ఫౌండేషన్ ఇచ్చే 'గ్లోబల్ టీచర్ ప్రైజ్' టెక్నాలజీకి మాత్రమే పరిమితమైంది కాదు. కానీ 2020లో అది గెలిచిన రంజిత్‌సింగ్ దిసాలే కథ అర్థం చేసుకుంటే ఈ అవార్డులన్నీ ఏం చూస్తాయో తెలుస్తుంది.

మహారాష్ట్ర షోలాపూర్ జిల్లా పరితేవాడి. అక్కడి జిల్లా పరిషత్ ప్రైమరీ స్కూల్‌కు 2009లో దిసాలే వచ్చేసరికి బడి పాడుబడి ఉంది. ఒకపక్క పశువుల కొట్టం, ఇంకోపక్క గోదాము. పిల్లలకు పాఠ్యపుస్తకంలోని భాష అర్థం కాదు, వాళ్ల ఇంటి భాష కన్నడ. దిసాలే ముందు కన్నడ నేర్చుకున్నారు. పుస్తకాలను వాళ్ల భాషలోకి మార్చి, వాటిలో క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆడియో పద్యాలు, వీడియో పాఠాలు, కథలు, హోంవర్క్ వచ్చేవి. 2017లో మహారాష్ట్ర ప్రభుత్వం తన పుస్తకాలన్నింటిలో క్యూఆర్ కోడ్‌లు పెడతామని ప్రకటించింది. తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ కూడా అదే దారి పట్టింది.

ఆడపిల్లల హాజరు నూటికి నూరు శాతానికి చేరిందని, ఊళ్లో బాల్యవివాహాలు ఆగాయని ప్రైజ్ ఇచ్చినప్పుడు ఫౌండేషన్ చెప్పింది. ప్రైజ్ పది లక్షల డాలర్లు. అందులో సగం ఆయన ఫైనల్‌కు వచ్చిన మిగతా తొమ్మిది మందికి పంచేశారు.

ఇక్కడ క్యూఆర్ కోడ్ రెండో మెట్టు, భాష నేర్చుకోవడం మొదటి మెట్టు. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాషతో పెరిగే పిల్లలున్న కుటుంబాలకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన దేశంలో ఏమున్నాయి?

స్కూల్ టీచర్ల కోసం కేంద్ర విద్యాశాఖ 2010లో 'నేషనల్ ఐసీటీ అవార్డు' ఏర్పాటు చేసింది. టీచర్ దరఖాస్తు పెట్టుకుంటే మొదట రాష్ట్రస్థాయిలో వడపోత, తర్వాత జాతీయ జ్యూరీ ముందు ప్రజెంటేషన్ ఉంటుంది. 2018, 2019 సంవత్సరాలకు కలిపి 49 మంది టీచర్లకు 2022 ఫిబ్రవరిలో వీటిని అందించారు. గెలిచినవాళ్లు ఐసీటీ అంబాసిడర్లుగా తోటి టీచర్లకు నేర్పించాలన్నది కూడా ఈ అవార్డులో భాగం. పిల్లల కోసం చేసిన ఆడియో, వీడియో, డిజిటల్ పాఠాలకు సీఐఈటీ విడిగా జాతీయ పోటీ పెడుతుంది.

రాజస్థాన్ ఆల్వార్‌లో సంస్కృత పాఠశాలలో లెక్కలు చెప్పే ఇమ్రాన్ ఖాన్ పేరు కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకుని 50కి పైగా విద్యా యాప్‌లు చేసి పిల్లలకు ఉచితంగా ఇచ్చారు. 2015 నవంబర్‌లో లండన్ వెంబ్లీ స్టేడియం సభలో ప్రధాని మోదీ ఆయన పేరు ప్రస్తావించడంతో దేశమంతా తెలిసింది.

జ్యూరీ ఏం చూస్తుంది?

పేర్లు వేరైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే.

- పిల్లలు నిజంగా నేర్చుకున్నారా? దానికి రుజువు ఉందా?
- పేద పిల్లలకు, ఆడపిల్లలకు, వికలాంగులకు అందిందా?
- తక్కువ ఖర్చుతో ఇంకో బడిలో చేయొచ్చా?
- కొత్తగా ఏం చేశారు?

అందుకే దరఖాస్తు పెట్టాలనుకునే టీచర్ మొదటి రోజు నుంచే ఫొటోలు, వీడియోలు, పిల్లల మార్కులు, హాజరు వివరాలు దాచిపెట్టుకోవాలి. గ్లోబల్ టీచర్ ప్రైజ్‌కు టీచర్ స్వయంగా అప్లై చేయొచ్చు, వేరేవాళ్లూ పేరు పంపొచ్చు. యునెస్కో ప్రైజ్‌కు మాత్రం సొంతంగా కుదరదు. ఆ దేశపు యునెస్కో జాతీయ కమిషన్ గానీ, యునెస్కోతో అధికారిక భాగస్వామ్యం ఉన్న స్వచ్ఛంద సంస్థ గానీ నామినేట్ చేయాలి.

తల్లిదండ్రులు చేయగలిగింది

తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో చేసిన చట్టాలతో ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఉంది. ఆ హోదా పిల్లల ఫోన్‌లో పాఠంగా కనబడితేనే దాని ఫాయిదా. మీ పిల్లల పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ఒకసారి దీక్ష యాప్‌తో స్కాన్ చేసి చూడండి. పాఠం తెరుచుకుంటోందా, ఏ భాషలో వస్తోంది, పిల్లవాడికి అర్థమవుతోందా అన్నది గమనించండి. లేకపోతే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో అడగండి. మీ బడిలో సొంతంగా వీడియోలు చేసి పాఠం చెప్పే సార్ గానీ, మేడమ్ గానీ, ఉస్తాద్ గానీ ఉంటే అవార్డుకు అప్లై చేయమని చెప్పండి. చాలామందికి ఇలాంటివి ఉన్నాయనే తెలియదు.