అతుకు ఎవరింట్లో పడుతుంది?

జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సు కింద ఉన్న ప్రోగ్రామును మీ కంప్యూటర్లో ఎలాగైనా మార్చుకోవచ్చు, దేనితోనైనా కలుపుకోవచ్చు, అడిగేవాళ్లు లేరు. ఆ కలిపినదాన్ని మరొకరి చేతిలో పెట్టినప్పుడే, మొత్తం సోర్సు కోడు కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలన్న షరతు మొదలవుతుంది. 1989లో రిచర్డ్ స్టాల్‌మన్ చేసిన ఈ ఏర్పాటులో ఒక సందు ఉంది. స్వేచ్ఛగా దొరికే కోడునూ, కంపెనీ తాళం వేసుకున్న కోడునూ విడివిడిగా ఇచ్చి, అతికే పని వాడుకునేవాడికి వదిలేస్తే? ప్లగిన్లు, డ్రైవర్లు, యాడ్-ఆన్ల మీద ఇన్నేళ్లుగా నడిచిన తగాదాల్లో పెద్దవి చాలావరకు ఈ సందు దగ్గరే పుట్టాయి.

దాన్ని మొట్టమొదట వాడుకోవాలని చూసినవాడు స్టీవ్ జాబ్స్. ఆయన నెక్స్ట్ కంపెనీ, జీపీఎల్ కింద ఉన్న జీసీసీ కంపైలరుకు ఆబ్జెక్టివ్-సీ భాషను జోడించింది. ఆ భాగాన్ని సోర్సు లేకుండా ఆబ్జెక్టు ఫైళ్లుగా ఇస్తాం, లింకు చేసుకోవడం వాడుకరుల పని అంది. కుదురుతుందనే స్టాల్‌మన్‌కూ అనిపించింది గానీ, లాయరును అడిగారు. విడగొట్టడం వట్టి సాకు, జడ్జి దాన్ని ఒకే ప్రోగ్రాముగా చూస్తాడు అన్నాడు లాయరు. నెక్స్ట్ సోర్సు ఇచ్చేసింది. ఏ జడ్జీ ఆ మాట అనాల్సిన అవసరం రాలేదు. నన్నడిగితే తర్వాతి గందరగోళానికంతా మూలం అక్కడే ఉంది: రాజీ కుదిరింది, తీర్పు మాత్రం రాలేదు. 1992లో రీడ్‌లైన్ అనే జీపీఎల్ లైబ్రరీ విషయంలో, దాన్ని వాడుకున్న క్లిస్ప్ అనే ప్రోగ్రాము రచయితలతో జరిగిన వాదన కూడా అలాగే ముగిసింది. క్లిస్ప్ జీపీఎల్‌లోకి వచ్చింది.

లినక్స్‌లో కథ ముదిరింది. కెర్నెల్ నడుస్తుండగానే ఎక్కించుకునే మాడ్యూళ్లు వచ్చాక, అవి కెర్నెల్‌లో భాగమా కాదా అన్న ప్రశ్న లేచింది. వేరే సిస్టమ్ కోసం పుట్టి లినక్స్‌కు వలస వచ్చిన ఆండ్రూ ఫైల్‌సిస్టమ్ లాంటివాటిని కెర్నెల్ సంతానం అనలేమని లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ వాదన. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా అదే దారి పట్టింది. మూసిన బైనరీ ఒకటి, దానికీ కెర్నెల్‌కూ మధ్య సోర్సుతో ఇచ్చే పలుచని పొర ఒకటి. రెండూ కలిసేది కొన్నవాడి మెషీన్లో. కోర్టుకెక్కే బదులు కెర్నెల్ డెవలపర్లు కోడులోనే గోడలు కట్టారు. 2001 నుంచి ప్రతి మాడ్యూలూ తన లైసెన్సు చెప్పుకోవాలి. చెప్పకపోయినా, మూసిన లైసెన్సు అని చెప్పినా, కెర్నెల్ ‘మైలపడింది’ అని హెచ్చరిక వచ్చి గుర్తు పడుతుంది. కొన్ని ఫంక్షన్లయితే జీపీఎల్ అని చెప్పుకున్న మాడ్యూళ్లకే అందుతాయి.

ఈ గోడను ఎలా దూకారో చూడండి. లినక్సెంట్ అనే కంపెనీ మోడెమ్ డ్రైవరు లైసెన్సు వాక్యం ‘జీపీఎల్’ అన్న మూడక్షరాలతో మొదలై, వెంటనే ఒక నల్ క్యారెక్టర్, ఆ తర్వాత ‘జీపీఎల్ ఫోల్డరులోని ఫైళ్లకు మాత్రమే’ అన్న అర్థంలో సాగుతుంది. సీ భాషలో నల్ వచ్చిందంటే వాక్యం అయిపోయినట్టే. మనిషి చదివితే షరతు కనిపిస్తుంది, కెర్నెల్ చదివితే జీపీఎల్ ఒక్కటే. 2004లో ఇది బయటపడింది. హెచ్చరికలు పదేపదే వచ్చి వాడుకరులను కంగారు పెడుతున్నాయని కంపెనీ సమాధానం. ఆ కంపెనీదే ఇంకో డ్రైవరును కెర్నెల్ కోడులో పేరుపెట్టి మరీ, జీపీఎల్ అని నటిస్తూ దొరికిపోయిందని వ్యాఖ్య రాసి, మైల జాబితాలో చేర్చారు. చాడీలు చెప్పే కోడు అరుదు!

జీపీఎల్ కిందే ఉన్న వర్డ్‌ప్రెస్‌లో 2010లో థీసిస్ అనే అమ్మకపు థీమ్ మీద రేగిన గొడవ కొద్ది రోజుల్లోనే చల్లారింది. వర్డ్‌ప్రెస్ నుంచి నేరుగా ఎత్తిన కోడు అందులో బయటపడటంతో వాదించడానికేమీ మిగల్లేదు. పీహెచ్‌పీ భాగం జీపీఎల్, బొమ్మలూ సీఎస్ఎస్సూ యజమానివి అన్న పంపకం కుదిరింది.

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో తిరకాసు తలకిందులుగా వచ్చింది. క్రాఫ్ట్‌బకిట్ సర్వరులో ఔత్సాహికుల స్వేచ్ఛా కోడుతోపాటు మొజాంగ్ కంపెనీ ప్రోగ్రామును డీకంపైల్ చేసి తీసిన కోడూ ఉంది. కంపెనీ ఏళ్ల తరబడి చూసీచూడనట్టు ఊరుకుంది. 2014 సెప్టెంబరులో ముఖ్య డెవలపర్లలో ఒకరు ఎదురు తిరిగారు: మొజాంగ్ భాగానికి సోర్సు ఇవ్వకుండా నా కోడును దాంతో కలిపి పంచడం లైసెన్సుకు విరుద్ధం అంటూ అమెరికా కాపీరైటు చట్టం కింద నోటీసు పంపారు. డౌన్‌లోడ్లు ఆగిపోయాయి. క్రాఫ్ట్‌బకిట్ మీద ఆధారపడిన స్పిగాట్ సర్వరు బృందం కనిపెట్టిన విరుగుడు మనం ఎరిగినదే: కలిపిన సర్వరును పంచడం మానేసి, ఒక చిన్న టూలు ఇచ్చింది. అది మొజాంగ్ ఫైలును మొజాంగ్ దగ్గరే దించుకుని, మార్పులను మీ కంప్యూటర్లోనే అతుకుతుంది.

లినక్స్ వాళ్లు మాత్రం సందును ఇంకా బిగించారు. మధ్యలో జీపీఎల్ పొర పెట్టి, దాని వెనక మూసిన మాడ్యూలును దాచే పద్ధతికి 2020లో 5.9 వెర్షన్ అడ్డుకట్ట వేసింది. మూసిన మాడ్యూలు సాయం తీసుకుంటే పొరకూ మైల అంటుతుంది. 2022 మేలో ఎన్‌విడియా తన కెర్నెల్ మాడ్యూళ్ల సోర్సు విడుదల చేసింది. దాచుకోవాల్సిన పనిలో చాలాభాగం ఈసారి కార్డులోని ప్రాసెసరు మీద నడిచే ఫర్మ్‌వేరులోకి చేరింది. దాని సోర్సు ఇవ్వలేదు.