జంట ట్రాన్సుఫార్మరులు

కోనసీమవారికి నీటి పంపకమును గూర్చి వేరుగ చెప్పవలసిన పనిలేదు. గోదావరి ధవళేశ్వరముకడ గౌతమీ వసిష్ఠలుగా చీలుటయు, వసిష్ఠనుండి వైనతేయ విడివడుటయు మన మెరిగినవే. నేడు విద్యుత్తు పంపకమును గూర్చి, అందు జంటగా పనిచేయు ట్రాన్సుఫార్మరుల పూర్వకథను గూర్చి మనవి చేసెదను.

ఫ్రెంచివాడగు గోలార్, ఆంగ్లేయుడగు గిబ్స్ 1884లో టురిన్ ప్రదర్శనమున తమ యంత్రములను చూపిరి. వారు ట్రాన్సుఫార్మరులను దండలోని పూలవలె ఒకదాని వెంట నొకటి గ్రుచ్చిరి. అందువలన ఒకచోట దీపము లార్పిన, వేరొకచోటి వెలుగు మారెడిది. 1885లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మశాలలో జిపెర్నౌస్కీ, బ్లాతీ, డేరీ యను మువ్వురు ఇనుపగర్భమును మూసి, ట్రాన్సుఫార్మరుల నన్నిటిని ఒకే తీగజంటకు ప్రక్కప్రక్కన తగిల్చిరి. అప్పటినుండి ఎవరి దీపము వారిదయ్యెను. 1886లో లండనులోని గ్రోవనర్ గ్యాలరీ విద్యుత్కేంద్రమున ఫెరాంటీయు గోలార్ వరుసను తీసివైచి ఈ పద్ధతినే నెలకొల్పెను. గోలార్ 1888లో పారిసున మతి చలించి మరణించెను. వరుస తప్పినను, బాట తీసినవా డాతడే యని నా యభిప్రాయము.

వాడకము పెరిగినకొలది ఒకే తావున రెండింటిని జతకట్టుట యవసరమయ్యెను. ఇచ్చటనే చిక్కు. కాలువతో కలిపిన రెండు చెరువులలో ఒకదాని మట్టము హెచ్చైన, నీరు ఏ చేనికిని పోక పల్లపు చెరువులోనికే పారును గదా! వోల్టేజి నిష్పత్తి భిన్నమైన, దీపమొక్కటియు వెలుగకున్నను జంటలో విద్యుత్తు వ్యర్థముగ తిరుగుచుండును. పూడికలేని కాలువ యెక్కువ నీరు లాగినట్లు, అవరోధము తక్కువైన ట్రాన్సుఫార్మరు ఎక్కువ భారము లాగును. అది చిన్నదైన శక్తికి మించి వేడెక్కును. మూడు ఫేజుల వరుసయు, గడియారపు ముల్లుతో పోల్చి లెక్కించు కోణమును సరిపడకున్నచో, కలిపిన క్షణముననే అనర్థము. ఇందు రాజీ లేదు.

1996 నవంబరు 6వ తేది రాత్రి తుపానుకు కోనసీమలో కొబ్బరితోటలు నేలకొరిగెను. స్తంభములును తీగలును వానితోడనే కూలెను. ఇట్టి దేశమున తీగలు బాగుచేయువాని ప్రాణమునకు ఈ జంటవలన నొక గండము కలదు. ఒక ట్రాన్సుఫార్మరును ఎగువప్రక్క మాత్రమే విడదీసిన, దాని జోడు దిగువప్రక్కనుండి విద్యుత్తు నెక్కించును. అది వెనుకకు మరలి, చచ్చినదనుకొన్న ఎగువతీగలో వేలకొలది వోల్టులు పుట్టించును. కావుననే రెండు ప్రక్కలను విడదీసి, పరీక్షించి, తీగను భూమికి తగిల్చినపిదపనే లైనుమను దానిపై చేయివేయును.