స్కూల్ కౌన్సెలర్: పాత్ర, బాధ్యతలు

పిల్లల మనసు, చదువు, నడవడి, పై చదువుల ఎంపిక వంటి విషయాల్లో వారికి విడిగా తోడ్పడేందుకు శిక్షణ పొంది, బడిలో ఆ పని కోసమే నియమితులైన వ్యక్తి స్కూల్ కౌన్సెలర్. కౌన్సెలర్ ఉపాధ్యాయుల్లా మార్కులు వేయరు, హెడ్మాస్టర్‌లా శిక్షలు నిర్ణయించరు, డాక్టర్‌లా మందులు రాయరు. ఈ అధికారాలేవీ లేకపోవడమే ఆ ఉద్యోగానికి బలం. తమ మార్కులూ టీసీ ఎవరి చేతిలో ఉంటాయో వారి దగ్గర పిల్లలు మనసు విప్పరు.

పుట్టుక

స్కూల్ కౌన్సెలింగ్ మొదట్లో ఎవరికి ఏ పని తగునో చెప్పే వృత్తి మార్గదర్శనం. 1907లో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో జెస్సీ డేవిస్ అనే ప్రిన్సిపాల్ ఇంగ్లిష్ తరగతుల్లోనే ఈ పాఠాలు చేర్చాడు. మరుసటి ఏడాది ఫ్రాంక్ పార్సన్స్ బోస్టన్‌లో వొకేషన్ బ్యూరో తెరిచాడు. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక, సైన్సులో చురుకైన పిల్లలను గుర్తించాలన్న ఆత్రుతతో అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చి కౌన్సెలర్ల శిక్షణకు నిధులిచ్చింది. పిల్లల మనోవేదన ఈ వృత్తి పరిధిలోకి పూర్తిగా వచ్చింది తర్వాతి దశాబ్దాల్లోనే.

మన దేశంలో 1952-53 నాటి ముదలియార్ కమిషన్ మాధ్యమిక పాఠశాలల్లో మార్గదర్శనం ఉండాలని చెప్పింది. 1954లో కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం ఒక బ్యూరో పెట్టింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ దీన్ని ప్రాథమిక తరగతుల నుంచే విద్యలో భాగంగా చూడమంది. సిఫార్సులకు కొదవ లేదు, బడుల్లో పోస్టులకే కొదవ.

రోజువారీ పని

పిల్లలు కౌన్సెలర్ గదికి తమంతట తాము రావచ్చు, తల్లిదండ్రులు తీసుకురావచ్చు. ఎక్కువగా జరిగేది మాత్రం టీచర్ పంపడం. ‘వీడికి కాస్త కౌన్సెలింగ్ ఇవ్వండి మేడం’ అని పంపిన పిల్లవాడు తిట్లు తినడానికే వచ్చాననుకుంటాడు. ఆ భయం పోగొట్టడమే అక్కడ మొదటి పని, దానికే ఒక పీరియడంతా పట్టవచ్చు.

హోంవర్క్ చేయని పిల్లవాడి వెనుక ఎన్ని కారణాలైనా ఉండొచ్చు. బోర్డు మీది అక్షరాలు కనబడకపోవచ్చు. రాత్రి ఇంట్లో తండ్రి తాగి గొడవ చేసి ఉండొచ్చు. హాస్టల్లో పెద్ద తరగతుల వాళ్లు ఏడిపిస్తుండొచ్చు. లేదా అది డిస్లెక్సియా కావచ్చు. చక్కగా మాట్లాడుతూ, లెక్కలు నోటితో చెప్పగలిగీ, చదవడం రాయడం దగ్గరే తడబడే పిల్లలను మొద్దులని ముద్ర వేసే తరగతి గదులు ఇంకా ఉన్నాయి. డిస్లెక్సియాను 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. కౌన్సెలర్ చేయాల్సింది అనుమానించడం, నిపుణుల దగ్గరికి పంపడం, తిరిగి వచ్చాక టీచర్లకు విషయం అర్థమయ్యేలా చెప్పడం. రోగ నిర్ధారణ వారి పని కాదు. దాన్ని క్లినికల్ సైకాలజిస్టుకో సైకియాట్రిస్టుకో వదలాలి.

పిల్లలు ఏ నెలలో ఎందుకు కుంగుతారో అనుభవమున్న కౌన్సెలర్‌కు ముందే తెలుస్తుంది. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో దసరా, సంక్రాంతి సెలవుల తర్వాత ఇంటి బెంగ ఎక్కువ. పదో తరగతి పరీక్షల ముందు నిద్ర పట్టకపోవడం, అన్నం సయించకపోవడం మొదలవుతాయి. ఫలితాల రోజు అన్నింటికన్నా ప్రమాదకరం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు కూడా దొర్లాయి. ఫలితాల రోజు కౌన్సెలర్ సెలవులో ఉండకూడదనడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

పదో తరగతి తర్వాత ఏం చదవాలన్నది తెలుగు ఇళ్లలో పిల్లలు నోరు తెరవకముందే తేలిపోతుంది: ఎంపీసీ, లేదంటే బైపీసీ. ఆ రెండూ మంచివే. కానీ పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చనీ, పదో తరగతి మార్కులతోనే బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటు రావచ్చనీ, సీఈసీ చదివి చార్టర్డ్ అకౌంటెన్సీకో న్యాయశాస్త్రానికో వెళ్లవచ్చనీ ఎవరో ఒకరు ఆ కుటుంబంతో కూర్చుని చెప్పాలి. అభిరుచి పరీక్షలు ఇందుకు కొంత ఉపయోగపడతాయి కానీ, వాటి అంకెలను తీర్పుగా చదవకూడదు. ఇక్కడ కౌన్సెలర్ పిల్లవాడి పక్షాన తల్లిదండ్రులతో వాదనకు దిగితే పని చెడుతుంది. అప్పుల గురించీ ఉద్యోగాల గురించీ వారి భయం నిజమైనదే, దాన్నీ వినాలి.

గోప్యత, దాని హద్దులు

‘మా అమ్మకు చెప్పకండి మేడం’ అని అడగని పిల్లలు అరుదు. కౌన్సెలర్ విన్న మాటలు స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ చెప్పుకునే కబుర్లు కాకూడదు. ఒక్క మాట బయటకు పొక్కినా ఆ ఏడాది ఆ గదికి ఇంకెవరూ రారు. అయితే అన్నీ దాచిపెడతానని మాటివ్వడం కూడా తప్పే. పిల్లలు తమకు తాము హాని చేసుకునే ప్రమాదం, ఇతరులకు హాని చేసే ప్రమాదం, పిల్లలపై జరిగే వేధింపు: ఈ మూడు సందర్భాల్లో గోప్యత నిలవదు. ఈ సంగతిని మొదటి రోజే పిల్లలకు చెప్పాలి. రహస్యమంతా విన్నాక చెబితే అది నమ్మకద్రోహమవుతుంది.

లైంగిక వేధింపు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు. ‘బడి పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం’ అని యాజమాన్యం ఒత్తిడి చేసినా కౌన్సెలర్ తలొగ్గకూడదు.

చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని పిల్లలను నేరుగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయపడతారు. అది అపోహ. శాంతంగా, సూటిగా అడిగితేనే చాలామంది పిల్లలు చెప్పగలుగుతారు. అవునని చెప్పిన బిడ్డను ఒక్క క్షణమూ ఒంటరిగా వదలకూడదు. తల్లిదండ్రులను పిలిపించి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి చేర్చాలి. పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఇలాంటివి దాచే రోజులు పోవాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది.

అర్హతలు, నిబంధనలు, వాస్తవం

సాధారణంగా సైకాలజీలో డిగ్రీ లేదా పీజీ, లేదా మార్గదర్శన, కౌన్సెలింగ్‌లలో డిప్లొమా ఉన్నవారిని తీసుకుంటారు. ఎన్‌సీఈఆర్‌టీ ఇలాంటి డిప్లొమా కోర్సు నడుపుతోంది. అమెరికా స్కూల్ కౌన్సెలర్ల సంఘం 250 మంది విద్యార్థులకు ఒకరుండాలని సిఫార్సు చేస్తుంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలు కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్‌ను, సైకాలజిస్టును లేదా సామాజిక కార్యకర్తను నియమించాలనీ, చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం పెట్టుకోవాలనీ, మార్కులను బట్టి పిల్లలను సెక్షన్లుగా విడదీయడం మానుకోవాలనీ చెప్పింది.

నియమించినంత మాత్రాన సరిపోదు. సెలవు పెట్టిన టీచర్ పీరియడ్లకు పంపడం, ఇన్విజిలేషన్ వేయడం, వేసవిలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పడం చాలా ప్రైవేటు బడుల్లో మామూలైంది. అన్నిటికన్నా చెడ్డది అల్లరి పిల్లలను దండించే పని అప్పగించడం. తలుపు వేసుకునే వీలున్న ఒక గది, తాళం పడే ఒక బీరువా, టైమ్‌టేబుల్‌లో తనకంటూ కొంత సమయం లేని కౌన్సెలర్ పేరుకే కౌన్సెలర్.

కౌన్సెలర్ లేని బడి పిల్లలు, వారి పెద్దలు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వేధింపులకు గురయ్యే పిల్లల కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. ఈ రెండు నంబర్లను ప్రతి తరగతి గది గోడ మీదా పెద్ద అక్షరాలతో రాయించాలని హెడ్మాస్టర్లకు విన్నపం.