సస్పెన్షన్ బుష్

కారు చక్రాన్ని పట్టి ఉంచే ఆర్ము బాడీకి కలిసే చోట బిగించే రబ్బరు కీలును సస్పెన్షన్ బుష్ అంటారు. సాధారణంగా ఇందులో లోపలొకటి, బయటొకటి ఇనుప గొట్టాలుంటాయి. వాటి మధ్య అతికిన రబ్బరు మెలితిరుగుతూ కుదుపును మింగుతుంది.

అరుగుదల: ఎండ, గుంతలు, వయసు రబ్బరును పగలగొడతాయి. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిన మారుతి 800 వంటి పాత కార్లలో ఇది తప్పదు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద 'టక్‌టక్' మనడం, బ్రేకు వేస్తే బండి పక్కకు లాగడం, టైరు ఒకవైపే అరగడం బుష్ అరిగిందనడానికి గుర్తులు.

ఇంట్లో మార్పు: చదునైన గచ్చు మీద బండి నిలిపి, వెనక చక్రాలకు అడ్డురాళ్లు పెట్టి, జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద దించాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరడం ప్రాణాంతకం. ఆర్మును విప్పి, బెంచ్ వైసులో తగిన గొట్టం ఆనించి పాత బుష్‌ను బయటికి నెట్టాలి. కొత్తది సబ్బునీళ్లతో నిటారుగా ఎక్కించాలి. ఇంజనాయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

కీలకం: బోల్టును ముందు వదులుగా ఉంచి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ ఒత్తిడిలోనే ఉండి త్వరగా చిరుగుతుంది. బుష్‌లను ఎడమ, కుడి జతగా మార్చి, ఆపై వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.