జానెడు రబ్బరు గొట్టం

మా మోరిస్ మైనర్ 1960 నాటి బండి. మొన్న మార్చిలో ఒక ఆదివారం, కావెంట్రీ శివార్లలో, బ్రేకు మీంచి కాలు తీశాక కూడా ఎడమపక్కకే లాగింది. ఇంటికొచ్చి చూస్తే ఎడమ ముందు చక్రం పెనంలా కాలుతోంది. ఆ రోజు వెనక సీట్లో మా మనవరాలుంది.

జాకీ మీద ఎత్తి పెడల్ తొక్కి వదిలాను. చక్రం బిగుసుకునే ఉంది. ఇనప పైపు, రబ్బరు గొట్టం కలిసే చోట నట్టు వదులు చేశాను, కదల్లేదు. చక్రం దగ్గర బ్లీడ్ నిపుల్ తిప్పగానే ఆయిల్ చిమ్మింది, చక్రం తిరిగింది. అంటే అడ్డు ఆ జానెడు గొట్టంలోనే. పైన సన్నటి బీటలు తప్ప ఏమీ కనబడదు. లోపలి రబ్బరు ఉబ్బిపోయింది. కాలి బలానికి ఆయిల్ దూసుకెళ్తుంది గానీ వెనక్కి రావడానికి అంత బలం ఉండదు.

అసలీ గొట్టం ఎందుకొచ్చింది? మొదట్లో బ్రేకులకి కడ్డీలు, తీగలే. నాలుగు చక్రాలూ సమానంగా లాగేలా వాటిని సరిచేయడం పెద్ద తలనొప్పి. తమ్ముడితో కలిసి విమానాలు కట్టిన మాల్కమ్ లాక్‌హీడ్ ఆ పని ద్రవానికి అప్పగించి, 1917లో పేటెంటు తీసుకున్నాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ ఆ బ్రేకులతో వచ్చాయి. ద్రవం ఒత్తిడి అన్ని వైపులకీ ఒకేలా పోతుంది, బాగానే ఉంది. కానీ ముందు చక్రం పక్కలకి తిరగాలి, గుంతల్లో ఎగరాలి. ఇనప పైపు వంగదు. అందుకే చివర్లో ఈ రబ్బరు ముక్క.

అప్పటిది చెట్టు రబ్బరు. పెట్రోలియం నూనె తగిలితే పాడైపోతుంది. అందుకని తొలి రోజుల్లో ఆల్కహాల్లో ఆముదం కలిపి పోసేవారు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ముక్కు పట్టుకుని తాగించిన ఆముదమే! ఇప్పుడు వాడేది నూనె కాదు, గ్లైకాల్. అయినా మనం బ్రేక్ ఆయిల్ అనే అంటాం.

మా బండికి ఒకటే సర్క్యూట్. ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోయినట్టే. ఇక మిగిలేది హ్యాండ్ బ్రేకు, అదీ తీగతోనే.

బ్రిటన్‌లో పాత బండ్లకి బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ పరీక్ష పెట్టింది 1960లోనే. పదేళ్లు దాటిన బండ్లకన్నమాట. తర్వాత 2018 మే నుంచి, పెద్దగా మార్పులు చేయని నలభై ఏళ్లు దాటిన కార్లకి ఆ ఎంఓటీ అక్కర్లేదన్నారు. ఫీజు మిగిలిందని సంబరపడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అప్పట్నుంచీ ఆ గొట్టాలని ఎవరూ చూడలేదు, నాతో సహా.

రెండు పక్కలా మార్చాను. ఒకటే మార్చడం దండగ పిసినారితనం. ముందు ఇనప పైపు నట్టు, తర్వాత బ్రాకెట్ నట్టు, చివర్న చక్రం వైపు మర. బిగించేటప్పుడు కొత్త రాగి వాషరు వేసి, ముందు చక్రం వైపే తిప్పాలి. మొదటిసారి బ్రాకెట్ దగ్గర గొట్టాన్ని పట్టుకోకుండా నట్టు బిగించి దాన్ని మెలిపెట్టేశాను, మళ్లీ విప్పాను. స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూసుకున్నాక, మా ఆవిడ పెడల్ తొక్కుతుంటే గాలి తీశాం. నా కేకలకి ఆవిడ విసుక్కుందనుకోండి.

పాత గొట్టాన్ని బ్లేడుతో కోసి చూశాను. లోపల గుండుసూది దూరే సందు లేదు.

మంగళవారానికి ఎంఓటీ బుక్ చేశాను. మీ బండికి అక్కర్లేదు కదా అన్నారు ఫోన్లో. తెలుసన్నాను.