ఇస్కీమిక్ స్ట్రోక్: అరుదైన కారణాలు, చికిత్స

మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోయి, ఆ మేర మెదడు కణాలు చచ్చిపోవడాన్ని ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. పక్షవాతం కేసుల్లో ఎక్కువ భాగం ఇవే. మూతి వంకరపోవడం, ఒకవైపు కాలూ చెయ్యీ పడిపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఉన్నట్టుండి తూలిపోవడం దీని లక్షణాలు. చాలామందిలో కారణం తెలిసిందే. బీపీ, షుగరు, పొగాకు, కొలెస్టరాల్ వల్ల ధమనులు గట్టిపడి ఇరుకవుతాయి. లేదా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌తో లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడులోకి వెళ్లి ఇరుక్కుంటుంది. 1993లో వచ్చిన 'టోస్ట్' వర్గీకరణ స్ట్రోక్ కారణాలను ఐదు తరగతులుగా విడదీసింది. పెద్ద ధమనుల జబ్బు, సన్న నాళాల జబ్బు, గుండె నుంచి వచ్చే గడ్డలు మొదటి మూడు. తేలిన ఇతర కారణాలన్నీ నాలుగో తరగతి, ఎంత వెతికినా తేలనివి ఐదోది. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ నాలుగో తరగతి గురించి.

రోగులందరినీ కలిపి లెక్కేస్తేనే ఇవి అరుదు. యాభై ఏళ్ల లోపు వారిని మాత్రమే తీసుకుంటే వీటి వాటా బాగా పెరుగుతుంది. పైగా పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో అరుదుగా చెప్పే టీబీ, కీళ్లవాత గుండె జబ్బు, సిరల్లో గడ్డలు మన ఆసుపత్రులకు కొత్తవి కావు. ముప్పై ఏళ్ల మనిషికి పక్షవాతం వస్తే ఆస్ప్రిన్, కొలెస్టరాల్ మాత్ర రాసి ఇంటికి పంపడం సరిపోదు. కారణం తెలియకపోతే రెండో స్ట్రోక్‌ను ఆపడం కష్టం.

తొలి గంటలు

కారణం ఏదైనా తొలి గంటల చికిత్స చాలావరకు ఒకటే. లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపు గడ్డను కరిగించే ఆల్టిప్లేజ్ గానీ టెనెక్టిప్లేజ్ గానీ సూదిమందుగా ఇస్తారు. పెద్ద ధమని పూడితే తొడ లేదా మణికట్టు దగ్గరి ధమని గుండా సన్నని గొట్టం పంపి గడ్డను లాగేస్తారు. దీన్ని మామూలుగా 6 గంటల్లోపు చేస్తారు. 2018లో వెలువడిన రెండు పెద్ద ట్రయల్స్ తర్వాత, స్కాన్ చూసి ఎంపిక చేసిన రోగులకు 24 గంటల దాకా కూడా చేస్తున్నారు. పసరు వైద్యానికో, పావురం రక్తం రాయించడానికో తిప్పితే పోయేది ఈ గంటలే.

కరిగించే మందు ఇవ్వకూడని అరుదైన కారణాలు కొన్ని ఉన్నాయి. గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకిన ఎండోకార్డైటిస్‌లో ఆ మందు మెదడులో రక్తస్రావం తెచ్చే ముప్పు ఎక్కువ. అందుకే జ్వరం, కొత్తగా వినిపించే గుండె చప్పుడు, గోళ్ల కింద రక్తపు చారలు ఉన్నాయేమో చూడాలి. ఈ జబ్బుకు వారాల తరబడి యాంటిబయాటిక్స్ ఇవ్వడమే అసలు చికిత్స. అవసరమైతే కవాటం మారుస్తారు.

మెడలో చిరిగే ధమని

యువకుల స్ట్రోక్ కారణాల్లో ముందు వరసలో ఉండేది మెడ ధమని లోపలి పొర చిరగడం. మొత్తం ఇస్కీమిక్ స్ట్రోకుల్లో దీని వాటా 2 శాతం దాకా ఉంటే, యువకుల్లో 10 నుంచి 25 శాతం వరకు ఉంటుంది. చిరిగిన చోట రక్తం గోడ పొరల మధ్యకు చేరి దారిని ఇరుకు చేస్తుంది. అక్కడే గడ్డకట్టి, ముక్కలు మెదడుకు పోతాయి. ముందు వైపు కరోటిడ్, వెనక వైపు వెర్టిబ్రల్ ధమనులకు ఇలా జరుగుతుంది. వెర్టిబ్రల్ ధమని మెడ ఎముకల రంధ్రాల గుండా పైకెక్కి, మొదటి ఎముక మీద మెలిక తిరిగి పుర్రెలోకి వెళ్తుంది. అందువల్ల మెడను ఒక్కసారిగా తిప్పినప్పుడు దెబ్బ తగిలేది ఎక్కువగా దీనికే.

మన క్షౌరశాలల్లో తలకు మాలిష్ అయ్యాక, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడను టక్కున విరిచే అలవాటుంది. పటుక్‌మన్న చప్పుడొస్తే పట్టు వదిలినట్టు హాయిగా అనిపిస్తుంది. చాలామందికి ఏమీ కాదు. కానీ ఆ కుదుపుకు ధమని చిరిగి, గంటల్లోనో రోజుల్లోనో తల తిరుగుడు, తూలడం, మింగలేకపోవడంతో ఆసుపత్రికి వచ్చిన రోగుల గురించి వైద్య పత్రికల్లో రికార్డయింది. మెడ విరవడం వల్ల వైద్యపరంగా ఒరిగేదేమీ లేదు కాబట్టి దాన్ని మానేయడమే మంచిది. తల స్నానం చేయించేటప్పుడు బేసిన్ అంచు మీద మెడను బాగా వెనక్కి వాల్చడం వల్ల స్ట్రోక్ వచ్చిన మహిళల గురించి అమెరికా న్యూరాలజిస్టు మైకెల్ వైన్‌ట్రాబ్ 1993లో రాశారు. గట్టి దగ్గు, రోడ్డు ప్రమాదం, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా కూడా ధమని చిరగవచ్చు.

ధమని చిరిగితే మొదట మెడలో ఒక పక్క కొత్తగా నొప్పి మొదలవుతుంది. కరోటిడ్ చిరిగితే అదే వైపు రెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదవుతుంది. చెవిలో నాడితో పాటు హోరు వినిపించవచ్చు. కొవ్వును అణిచే పద్ధతిలో తీసిన ఎమ్మారైలో ధమని గోడలోని రక్తం నెలవంకలా తెల్లగా కనబడుతుంది. ఆస్ప్రిన్ లాంటి మందులు మేలా, రక్తం పలుచబరిచే మందులు మేలా అని 250 మందిపై జరిగిన 'కాడిస్' ట్రయల్ 2015లో వెలువడింది. రెండు వర్గాల్లోనూ మళ్లీ స్ట్రోక్ వచ్చినవారు చాలా తక్కువ. తేడా తేలలేదు. మామూలుగా 3 నుంచి 6 నెలలు ఏదో ఒకటి ఇచ్చి మళ్లీ స్కాన్ చేస్తారు. ధమని చాలామందిలో దానంతట అదే మానుతుంది. మందులు వాడుతున్నా మళ్లీ లక్షణాలు వస్తే మాత్రం స్టెంట్ గురించి ఆలోచిస్తారు.

సిరల్లో గడ్డ, బాలింత తలనొప్పి

మెదడు నుంచి రక్తం తిరిగి వెళ్లే సిరలు పూడినా మెదడు దెబ్బతింటుంది. ధమనుల స్ట్రోక్‌లా ఇది క్షణాల్లో రాదు. రోజుల తరబడి పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఆపైన మూర్ఛ, కాలూ చెయ్యీ బలహీనత వరసగా వస్తాయి. తలనొప్పిగా మొదలవుతుంది కాబట్టే ఇంట్లోనూ, ఒక్కోసారి చిన్న ఆసుపత్రుల్లోనూ దీన్ని పట్టించుకోరు.

కాన్పయ్యాక కొన్ని వారాల పాటు రక్తానికి గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లోనే మన పల్లెల్లో బాలింతకు మంచినీళ్లు తగ్గించి, పథ్యం పేరుతో పొడి అన్నం, కారం పెట్టే ఆచారం ఉంది. నీళ్లు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని, పొట్ట ఉబ్బుతుందని పెద్దవాళ్లు అంటారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి ముప్పు పెరుగుతుంది. తలనొప్పని చెబితే చల్లగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి పడుకోబెడతారు. బాలింతకు తగ్గని తలనొప్పి, అందులోనూ వాంతులో మూర్ఛో తోడైతే, ఆ రోజే స్కాన్ చేయించాలి. గర్భనిరోధక మాత్రలతోనూ, పూజలకో పెళ్లికో తీర్థయాత్రకో నెలసరిని వాయిదా వేయడానికి వేసుకునే హార్మోన్ మాత్రలతోనూ ఇదే ప్రమాదం ఉంది. మెడికల్ షాపులో అడగ్గానే చేతికిచ్చే మాత్రలివి. గతంలో కాళ్లలో గడ్డకట్టినవారు, దగ్గరి బంధువులకు అలా జరిగినవారు డాక్టరుకు చెప్పకుండా వీటిని ముట్టకూడదు.

అయితే ఇది ఆడవాళ్ల జబ్బు మాత్రమే కాదు. హైదరాబాద్ నిమ్స్ న్యూరాలజీ విభాగం 428 మంది రోగుల వివరాలతో 2012లో ప్రచురించిన రిజిస్ట్రీలో సగానికి కాస్త పైనే మగవాళ్లు. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ పెరగడం, మద్యం ముఖ్య కారణాలుగా కనిపించాయి. బి12 లోపంతో పెరిగే హోమోసిస్టీన్ పూర్తి శాకాహారుల్లో ఎక్కువగా కనబడుతుంది. ఇంజెక్షన్లతో దాన్ని దించవచ్చు.

దీని చికిత్సలో ఒక విషయం రోగి బంధువులను ఎప్పుడూ భయపెడుతుంది. స్కాన్‌లో రక్తస్రావం కనబడుతున్నా రక్తం పలుచబరిచే హెపారిన్‌నే ఇస్తారు. బయటికి పోయే దారి మూసుకుని ఒత్తిడి పెరగడం వల్ల ఆ రక్తం చిమ్మింది. దారి తెరుచుకుంటేనే అది ఆగుతుంది. 1991లో జర్మనీలో 20 మందిపై జరిగిన చిన్న ట్రయల్ దీనికి పునాది వేసింది. హెపారిన్ పొందిన పదిమందిలో ఎవరూ చనిపోలేదు, రెండో వర్గంలో ముగ్గురు పోయారు. తర్వాత 3 నుంచి 12 నెలలు రక్తం పలుచబరిచే మాత్రలు వాడతారు. మెదడు వాచి ప్రాణం మీదికొస్తే పుర్రె ఎముక ముక్కను తాత్కాలికంగా తీసేసే ఆపరేషన్ ఉంది. ఈ జబ్బులో అది నిజంగా ప్రాణాలు నిలబెడుతుంది. సరైన సమయంలో చికిత్స అందితే ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు.

గుండె, ఇన్ఫెక్షన్లు

చిన్నప్పుడు గొంతు నొప్పి, కీళ్ల జ్వరం వచ్చిన కొందరు పిల్లల్లో గుండె మైట్రల్ కవాటం ఏళ్లు గడిచేకొద్దీ ముడుచుకుపోతుంది. ఎడమ పై గదిలో నిలిచిపోయిన రక్తం గడ్డకడుతుంది. చాలామందికి కవాటం చెడిందన్న సంగతి స్ట్రోక్ వచ్చాకే బయటపడుతుంది. ఇలాంటి రోగుల్లో కొత్త మాత్ర రివరాక్సబాన్‌ను పాత వార్ఫరిన్ రకం మందులతో పోల్చిన 'ఇన్విక్టస్' ట్రయల్ 2022లో వెలువడింది. 4,500 మందికి పైగా పాల్గొన్న ఆ ట్రయల్‌లో పాత మందు తీసుకున్నవారిలోనే మరణాలు తక్కువ. పాత మందుకు తప్పని నెలనెలా రక్తపరీక్ష విసుగనిపించినా, కవాటం ఇరుకైనవారు డాక్టరును అడగకుండా మందు మార్చుకోకూడదు.

మెదడు పొరలకు సోకే టీబీలో మెదడు అడుగున చిక్కని పూత పేరుకుని, అక్కడి సన్న ధమనులను చుట్టి పూడుస్తుంది. వారాల తరబడి జ్వరం, తలనొప్పి ఉండి ఆపైన చెయ్యి పడిపోతే ఇదే అనుమానించాలి. టీబీ మందులు కనీసం 9 నుంచి 12 నెలలు, తొలి వారాల్లో డెక్సామెథసోన్ ఇస్తారు. ఆ స్టెరాయిడ్ మరణాలను తగ్గిస్తుందని వియత్నాంలో జరిగిన ట్రయల్ 2004లో చూపింది. మెదడు ధమనులకు సిఫిలిస్ సోకితే పెన్సిలిన్, ఆటలమ్మ వైరస్ సోకితే అసైక్లోవిర్ పనిచేస్తాయి.

రక్తపింజరి కాటు

పాముకాటుతో స్ట్రోక్ రావడం పొలం పనులు చేసేవారికి ఉన్న ప్రత్యేకమైన ముప్పు. రక్తపింజరి విషం రక్తంలో గడ్డకట్టే ప్రక్రియను ఒక్కసారిగా రాజేస్తుంది. సన్న నాళాల్లో గడ్డలు ఏర్పడతాయి. గడ్డకట్టించే పదార్థాలన్నీ అందులోనే ఖర్చయిపోయి, ఆ తర్వాత రక్తం అసలు గడ్డకట్టదు. అందువల్ల ఒకే రోగిలో చిగుళ్ల నుంచి రక్తం కారుతుంటే, మెదడులో నాళాలు పూడి ఉండవచ్చు.

ఏ సౌకర్యమూ లేని చోట కూడా చేయగల పరీక్ష ఒకటుంది. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒకసారి వంచి చూస్తారు. రక్తం నీళ్లలా జారితే విషం పనిచేస్తోందని అర్థం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి తయారుచేసిన విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. ఇక్కడ గడ్డ కరిగించే సూదిమందు ఇవ్వరు. ఆస్ప్రిన్ కూడా రక్తం మళ్లీ గడ్డకట్టే స్థితికి వచ్చాకే.

రక్తంలోని లోపాలు

సికిల్ సెల్ వ్యాధి ఉమ్మడి ఆదిలాబాద్, ఖమ్మం జిల్లాల గిరిజనుల్లోనూ, ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ ఉంది. ఈ వ్యాధి ఉన్న పిల్లలకు రాబోయే స్ట్రోక్‌ను ముందే కనిపెట్టవచ్చు. కణత మీద అల్ట్రాసౌండ్ ఉంచి మెదడు ధమనుల్లో రక్తవేగం కొలుస్తారు. అది సెకనుకు 200 సెంటీమీటర్లకు చేరితే క్రమం తప్పక రక్తం ఎక్కించాలి. అలా చేస్తే తొలి స్ట్రోక్ ముప్పు 92 శాతం తగ్గుతుందని 1998లో 'స్టాప్' ట్రయల్ తేల్చింది. మొదటి ఏడాది రక్తం ఎక్కించాక, మెదడు నాళాలు తీవ్రంగా దెబ్బతిననివారిని హైడ్రాక్సీయూరియా మాత్రకు మార్చవచ్చు. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఉన్నాయి. వడపోత పరీక్షలతో పాటు ఈ అల్ట్రాసౌండ్ కూడా ఏజెన్సీ ఆసుపత్రులకు చేరాలి.

పదేపదే గర్భస్రావాలైన యువతికి స్ట్రోక్ వస్తే యాంటిఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ కోసం చూడాలి. రక్తపరీక్ష కనీసం 12 వారాల తేడాతో రెండుసార్లు పాజిటివ్ రావాలి. ఇందులోనూ వార్ఫరినే మందు. రివరాక్సబాన్‌తో పోల్చిన ఒక ట్రయల్‌ను, రివరాక్సబాన్ తీసుకున్నవారికి స్ట్రోకులు, గుండెపోట్లు వస్తుండటంతో మధ్యలోనే ఆపేశారు.

ధమని గోడల జబ్బులు

టకయాసు జబ్బు ఎక్కువగా యువతులకు వస్తుంది. పెద్ద ధమనుల గోడలు వాచి ఇరుకవుతాయి. రెండు చేతుల బీపీలో పెద్ద తేడా రావడం, ఒక చేతికి నాడి అందకపోవడం దీని ఆనవాళ్లు. ఒక చేతి బీపీనే చూసి ఊరుకుంటే ఇది దొరకదు. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ లాంటి మందులతో వాపు తగ్గించి, ఆ తర్వాతే అవసరమైతే ధమనిని వెడల్పు చేస్తారు.

ఇదే స్టెరాయిడ్ వేరొక జబ్బులో కీడు చేయవచ్చు. మెదడు ధమనులు తాత్కాలికంగా బిగుసుకుపోయే ఆర్‌సీవీఎస్‌లో పిడుగు పడినట్టు తలనొప్పి పదేపదే వస్తుంది. కాన్పు తర్వాత, మైగ్రేన్‌కు, ముక్కు దిబ్బడకు వాడే కొన్ని మందుల వల్ల ఇది రావచ్చు. స్కాన్‌లో ఇది నాళాల వాపులాగే కనిపించి తికమక పెడుతుంది. కారణమైన మందు ఆపి, నిమోడిపిన్ లేదా వెరాపమిల్ ఇస్తే మూడు నెలల్లో ధమనులు మామూలు స్థితికి వస్తాయి.

మోయమోయ జబ్బులో పుర్రె లోపలి కరోటిడ్ కొసలు రెండు వైపులా మెల్లగా మూసుకుపోతాయి. పక్కదారులుగా పుట్టిన సన్న నాళాలు యాంజియోగ్రామ్‌లో పొగ కమ్మినట్టు కనబడతాయి. పిల్లాడు వెక్కివెక్కి ఏడ్చినప్పుడో, వేడి పాలు ఊదుకుని తాగుతున్నప్పుడో కాసేపు చెయ్యి పడిపోయి మళ్లీ మామూలవుతుంది. వేగంగా ఊపిరి తీయడం వల్ల ధమనులు మరింత కుంచించుకుపోవడమే కారణం. మారాం చేస్తున్నాడని కొట్టిపారేయకుండా ఎమ్మారై చేయించాలి. తలపై చర్మానికి రక్తమిచ్చే ధమనిని మెదడు ధమనికి కలిపే బైపాస్ ఆపరేషనే దీనికి ఆధారం.

వంశపారంపర్యం, తేలని కారణాలు

కాడాసిల్‌లో 'నాచ్3' జన్యువు దెబ్బతిని, బీపీ లేనివారికి కూడా నడివయసులో చిన్న చిన్న స్ట్రోకులు, మతిమరుపు వస్తాయి. దీనికి ప్రత్యేక మందు లేదు. పొగాకు మానడం, బీపీని అదుపులో ఉంచడమే చేయగలిగింది. ఫాబ్రీ వ్యాధికి లోపించిన ఎంజైమును రెండు వారాలకోసారి ఎక్కించే చికిత్స ఉంది గానీ ఖరీదు చాలా ఎక్కువ. మైటోకాండ్రియా జబ్బు మెలాస్‌లో మూర్ఛకు వాల్ప్రోయేట్ ఇవ్వకూడదు.

ఏ పరీక్షలోనూ ఏమీ దొరకనప్పుడు గుండె గదుల మధ్య పుట్టుకతో మిగిలిపోయిన చిన్న రంధ్రం కోసం చూస్తారు. పెద్దల్లో నాలుగోవంతు మందికి అది ఉంటుంది కాబట్టి, ఉన్నంత మాత్రాన అదే కారణమనలేం. 60 ఏళ్ల లోపువారిలో వేరే కారణం లేదని తేలాకే మూయాలని 2017 నాటి ట్రయల్స్ సూచిస్తున్నాయి. రంధ్రమూ లేకపోతే, ఛాతీ చర్మం కింద చిన్న రికార్డర్ అమర్చి గుండె లయను నెలల తరబడి గమనిస్తారు. ఇలాంటివారికి ముందుజాగ్రత్తగా రక్తం పలుచబరిచే మందు ఇచ్చి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ 2018, 2019లలో వెలువడ్డాయి. ఆస్ప్రిన్ కంటే మేలు కనిపించలేదు. కాబట్టి రికార్డర్‌లో లయ తప్పినట్టు పట్టుబడేదాకా ఆస్ప్రినే కొనసాగిస్తున్నారు.